మా రక్తం తీసుకెళ్లారు సరే, ఫలితం ఏది?

సంపాదకులు గారికి,

కిడ్నీ జబ్బు మీద స్టడీ చేయడానికి ఇంకో టీమ్ వస్తోందని తెలిస్తే, ఆ జబ్బుతో ఏళ్లుగా బాధపడుతున్న మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇప్పుడు మొదట వినిపించే మాట, కిందటిసారి పట్టుకెళ్లిన శాంపిళ్లు ఏమయ్యాయని. రక్తం ఇచ్చాం, మూత్రం ఇచ్చాం, బోరు నీళ్లు సీసాల్లో పట్టి ఇచ్చాం, ఏం తింటారు, ఏ మందులు వాడతారు, ఎండలో ఎంతసేపు పని చేస్తారు అని అడిగితే కూలి పోగొట్టుకుని కూర్చుని చెప్పాం. అందులో తేలిందేమిటో ఇంగ్లీషు జర్నళ్లలో వస్తుందట, వాటిలో కొన్ని డబ్బు కడితే గానీ తెరుచుకోవు కూడా.

విదేశీ సాయంతో నడిచే పనుల్లో 'నాలెడ్జ్ షేరింగ్' అనే మాట బాగా తిరుగుతుంది. 1996లో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడు జేమ్స్ వుల్ఫెన్‌సన్ తమది అప్పులిచ్చే బ్యాంకు మాత్రమే కాదు, జ్ఞానం పంచే బ్యాంకు కూడా కావాలన్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదిహేడోది కూడా దేశాలు తమ జ్ఞానాన్ని ఒకరితో ఒకరు పంచుకోవాలనే చెబుతుంది. మంచిదే. కానీ ఆ పంచుకోవడం విమానాలెక్కే వాళ్ల మధ్యే తిరుగుతూ ఉంటే, శాంపిల్ ఇచ్చిన కవిటి మండలం కూలీకి దక్కేదేమిటి?

శాంపిల్ ఇచ్చేవాళ్లకూ స్టడీలో మాట ఉండడం జరగని పనేమీ కాదు. నికరాగువాలో చిచిగల్పా అనే ఊరు ఉంది, అక్కడ చెరకు కూలీలకు ఇలాంటి కిడ్నీ జబ్బే వచ్చింది. ఆ ప్రాంతపు చక్కెర కంపెనీకి ప్రపంచ బ్యాంకు గ్రూపు సంస్థ అప్పిచ్చింది కాబట్టి 2008లో జబ్బుపడిన కూలీలు సంఘంగా ఏర్పడి ఆ బ్యాంకు ఫిర్యాదుల విభాగానికే వెళ్లారు. తర్వాత కంపెనీనీ కూలీలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు, స్టడీ ఎవరు చేయాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకుని బోస్టన్ యూనివర్సిటీ వాళ్లను ఎంచుకున్నారు. అంటే పరిశోధకుడెవరో రోగులు కూడా నిర్ణయించారన్న మాట. మన దగ్గర టీమ్ వచ్చి బండి దిగాక గానీ ఊరికి తెలియదు.

ఈ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. మధ్య అమెరికాలో మాత్రం ఎండలో ఒళ్లు అలిసిపోయేలా పనిచేయడం, నీళ్లు చాలకపోవడం మీద అనుమానం బలంగా ఉంది, అందుకే ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో కూలీలకు నీళ్లు, నీడ, మధ్యమధ్యలో విరామం ఇచ్చి చూశారు. దానికి కోట్ల ఖర్చు అక్కర్లేదు. ఉపాధి పనుల దగ్గర నీడ, తాగునీరు ఉండాలన్నది మనకూ పాత రూలే (ఎన్ని చోట్ల కనిపిస్తుందో మీ విలేకరులనే చూసి రాయమంటాను). శ్రీలంకలో అనూరాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతులదీ ఇదే గోడు. అక్కడి ఆరోగ్య కార్యకర్తలకు తెలిసిన సంగతులు మన ఆశా కార్యకర్తలకు, వీళ్లకు తెలిసినవి వాళ్లకు చేరే దారి ఒకటి ఉండాలి కదా. కిడ్నీలను దెబ్బతీయగల నొప్పి బిళ్లలు ఏ కొట్లో అడిగిన వెంటనే ఇచ్చేస్తారో, డయాలసిస్‌కు వెళ్లే రోజు ఇంట్లో పనీ కూలీ ఏమవుతాయో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా ఏ ప్రొఫెసర్‌కు తెలుసు?

ఫలితాలు చెబితే జనం భయపడతారని ఒక వాదన ఉంది. ఉద్దానంలో బాగున్నావా అనే ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్ష అంకె) ఎంత అని అడుగుతారు. ఇక్కడి వాళ్లకు కొత్తగా వచ్చే టెన్షన్ ఏముంది?

ప్రభుత్వం అసలేమీ చేయలేదనను. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి వంశధార నీళ్లను పైపుల్లో ఇచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఇప్పుడు అడిగేది చిన్నది. శాంపిల్ ఇచ్చిన ప్రతి మనిషికీ తన రిపోర్టు తెలుగులో అందాలి, మొత్తం మీద తేలిందేమిటో గ్రామసభలో చదివి సచివాలయం గోడకు అతికించాలి, అది పూర్తయ్యే దాకా ఆ టీమ్‌కు, అది ఎంత పెద్ద దేశం నుంచి వచ్చినా సరే, రెండో విడతకు అనుమతి ఇవ్వకూడదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ గారు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

– ఒక పాఠకుడు, కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా