మా తమ్ముడు బండి మీంచి పడలేదు సార్!

రాష్ట్ర కార్మిక, కర్మాగారాల శాఖ మంత్రి గారికి చీమకుర్తి నుంచి నమస్కారాలు.

అయ్యా, ఇది మేం పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. మొదటి మూడూ సోమవారాల్లో లైన్లో నిలబడి ఇచ్చాం. మూడింటికీ "మీ అర్జీ పరిష్కరించబడింది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో చెప్పిన నాథుడు లేడు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా.

మా తమ్ముడు ఎనిమిదేళ్లుగా గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. మా గెలాక్సీ రాయి, అదే ఇక్కడి నల్ల గ్రానైట్, ఎంత గొప్పదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎంత బరువో మాత్రం చెబుతాను. పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు, రెండు సెంటీమీటర్ల మందం ఉన్న ఒక్క స్లాబు మూడు క్వింటాళ్లు తూగుతుంది. రాత్రి షిఫ్టులో స్టాండు మీంచి స్లాబులు దించుతుంటే ఒకటి వాడి మీదికి వాలింది. స్లాబులు దించే బెల్టు పాతబడిందని అంతకుముందే రెండుసార్లు చెప్పాడు. కుడికాలు మోకాలి కింద నలిగిపోయింది.

మేం ఆసుపత్రికి చేరేసరికే సూపర్‌వైజర్ "బైకు మీంచి పడ్డాడు" అని రాయించేశాడు. అదేంటయ్యా అంటే, "ముందు ప్రాణం దక్కనీ అన్నా, కాగితాలు తర్వాత మార్చుకోవచ్చు" అన్నాడు. ఆ టెన్షన్‌లో తలూపాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నా. కానీ మావాడికి బండే లేదు సార్. నడపడం కూడా రాదు. ఎనిమిదేళ్లూ డ్యూటీకి నా ఆటోలోనే వెళ్లాడు.

మొదటి బిల్లు కట్టి ఓనరు చేతులు దులుపుకున్నాడు. ఈఎస్ఐ (కార్మికుల బీమా) కార్డు అడిగితే మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరే లేదన్నారు. పేరు లేనివాడు మా మనిషి ఎట్లా అవుతాడని తిరిగి మమ్మల్నే అడిగారు. మీ శాఖ ఆఫీసుకు పోతే, రోడ్డు ప్రమాదం మా పరిధిలోకి రాదన్నారు. పోలీసుల దగ్గరికి పోతే ఏ రోడ్డు, ఎన్ని గంటలకు, బండి నంబరెంత అన్నారు. ఏం చెప్పమంటారు? క్వారీలో పడితే కేంద్రం వాళ్ల గనుల భద్రత విభాగం చూడాలి, ఫ్యాక్టరీలో పడితే మీ శాఖ చూడాలి. కాగితాల ప్రకారం మావాడు ఈ రెండుచోట్లా పడలేదు, రోడ్డు మీదా పడలేదు.

పనిలో దెబ్బ తగిలి 48 గంటలు డ్యూటీకి రాలేకపోతే యాజమాన్యం నోటీసు పంపాలని పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉంది, దాని బదులు వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఉంది. మావాడు ఏడు నెలలుగా మంచం మీదున్నాడు. కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చిన 2025 నవంబర్ 21 నుంచి ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందేనని టీవీల్లో ఊదరగొట్టారు. మా వీధిలో ఎవరింట్లోనైనా ఆ లెటరుంటే చూపించమనండి, నా ఖర్చుతో ఫ్రేము కట్టించి ఇస్తాను.

తనిఖీ జరగలేదని అబద్ధం చెప్పను, జరిగింది. వస్తున్న సంగతి ముందురోజే తెలిసిందట. పొద్దున్నే అందరికీ హెల్మెట్లు, బూట్లు ఇచ్చి, కారు గేటు దాటగానే లెక్కపెట్టి వెనక్కి తీసుకున్నారట.

2025 ఆగస్టులో బల్లికురవ క్వారీలో ఒడిశా కూలీలు ఆరుగురు చనిపోతే పెద్దలంతా మాట్లాడారు. మాట్లాడాల్సిందే. మావాడు బతికాడు, అదే నేరమైనట్టుంది.

మేం ఎక్స్‌గ్రేషియా అడగడం లేదు. ప్రమాదం ఫ్యాక్టరీలో జరిగిందని మీ శాఖ విచారించి ఒక్క కాగితం రాసిస్తే చాలు, పరిహారం కేసు మేమే వేసుకుంటాం. ఆ రాత్రి పక్కనే ఉండి చూసింది ఇద్దరు బిహార్ కుర్రాళ్లు. ఒకడు ఇప్పటికే ఊరెళ్లిపోయాడు. రెండోవాడు వచ్చే నెల చెల్లెలి పెళ్లికి పోతానంటున్నాడు, మళ్లీ వస్తాడన్న నమ్మకం లేదు. దయచేసి వాడు రైలెక్కేలోగా ఎవరినైనా పంపించండి సార్. వచ్చేముందు ఫ్యాక్టరీకి మాత్రం ఫోన్ చేయొద్దని చెప్పండి.

ఇట్లు,
ఒక గ్రానైట్ కార్మికుడి అన్న,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా