కామిక్స్ సమీక్షలో బొమ్మకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం పుస్తక సమీక్షల్లో అప్పుడప్పుడు పిల్లల కామిక్స్ కనిపిస్తే సంతోషంగా ఉంటుంది. కానీ కథంతా చెప్పి, చివర్లో ‘బొమ్మలు ఆకట్టుకున్నాయి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. చిత్రకారుడి పేరు కూడా ఉండదు. ఇది అన్యాయం. 1947లో మొదలైన చందమామ కామిక్ పత్రిక కాకపోయినా, ఆ పేరు వినగానే శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడే కళ్లముందు మెదులుతాడు. అది శంకర్ గారి కుంచె బలం.

కొత్త కామిక్‌లో కోపం మాటల్లోనే ఉందా, ముఖంలోనూ కనిపిస్తోందా? ఒక గడి నుంచి మరో గడికి చూపు తడబడకుండా సాగుతోందా? ముఖ్యంగా అక్షరాల సంగతి చూడాలి. ఇంగ్లిష్‌కి కొలిచి గీసిన మాటల బుడగల్లో తెలుగును ఇరికిస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ‘స్త్రీ’ లాంటి మాట దగ్గర పిల్లలు కళ్లు చిట్లించాల్సిందే. అనువాదం ఎంత బాగుండీ ఏం లాభం? సమీక్షకులు గట్టిగా ఎత్తిచూపితేనే ప్రచురణకర్తలు సరిదిద్దుతారు.

రచయితతో పాటు బొమ్మలు గీసినవారు, రంగులు వేసినవారు, అక్షరాలు కూర్చినవారి పేర్లూ ఇవ్వండి. వీలైతే లోపలి పేజీ ఒకటి అచ్చువేయండి. అట్ట బొమ్మ ఒక్కటే చాలదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ