తెల్ల తలుపు పసుపెక్కేది డబ్బాలోని నూనె వల్ల

సంపాదకులకు నమస్కారం.

వానలు వెనకబట్టి సంక్రాంతి దగ్గరపడుతుంటే కోనసీమలోనూ, ఇటు భీమవరం, పాలకొల్లు వైపునా ఇళ్లకు రంగుల పని మొదలవుతుంది. తలుపులకు, కిటికీ రెక్కలకు, అలమరలకు వేసిన మెరిసే తెల్ల రంగు ఏడాది రెండేళ్లలో మీగడ రంగుకీ, ఆపైన నెయ్యి రంగుకీ తిరగడం ఇక్కడ ఇంటింటా ఉన్నదే. ఇంటివాళ్లు మేస్త్రిని అంటారు, మేస్త్రి కొట్టువాళ్లని అంటాడు. చాలాసార్లు తప్పు ఎవరి చేతిలోనూ లేదు, ఎంచుకున్న రంగు రకంలో ఉంది.

కొట్టుకెళ్లి 'తెల్ల ఎనామిల్' అని అడిగితే మామూలుగా చేతికిచ్చేది ఆల్కైడ్, అంటే నూనె రంగు. అందులోని టర్పెంటైన్ ఎగిరిపోయాక నూనె గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. ఆ చర్య రంగు ఆరిన రోజుతో ఆగదు, ఏళ్ల తరబడి సన్నగా సాగుతూనే ఉంటుంది. పసుపు పుట్టేది అక్కడే. అవిసె నూనెలో సగానికి పైగా ఈ పసుపుకు కారణమైన లినోలెనిక్ ఆమ్లమే కాబట్టి దానితో చేసిన ఆల్కైడ్ ఎక్కువ పసుపెక్కుతుంది. సోయా నూనెలో ఆ ఆమ్లం పదో వంతు కూడా ఉండదు, అందుకే దానితో చేసింది కొంత నయం. ఏ నూనె వాడారో డబ్బా మీద సాధారణంగా రాయరు, కొనేవాళ్లకు తెలిసే దారి లేదు.

ఈ పసుపును పగటి వెలుతురు విరిచేస్తుంది. ఒకే డబ్బాలోని రంగు వేసినా వసారా వైపు రెక్క తెల్లగా ఉండి, అలమర లోపలి పక్కా, పటం తగిలించిన చోటూ పసుపెక్కేది అందుకే. పిల్లలు ఊళ్లు పట్టిపోయి, పండక్కి మాత్రమే తాళం తీసే మండువా ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. చీకటికి తోడు వేడీ చెమ్మా కూడా పసుపును తొందరపెడతాయి. మన డెల్టా గాలికి చెమ్మ కరువా!

అమ్మోనియా ఆవిరి తగిలితే కొత్త నూనె ఎనామిల్ రోజుల్లోనే రంగు మారుతుంది. గోడలకు వేసే ఎమల్షన్లు, అంటే నీళ్ల రంగులు, చాలావాటిలో కొద్దిగా అమ్మోనియా ఉంటుంది, ఆరేటప్పుడు బయటికి వస్తుంది. ఇంటిని ఆనుకున్న పశువుల సావిడి నుంచీ అదే ఆవిరి వస్తుంది. కాబట్టి ముందు గోడలు పూర్తిచేసి, నాలుగైదు రోజులు కిటికీలు బార్లా తెరిచి ఉంచి, ఆ తర్వాతే చెక్కపని పట్టాలి. పండగ తొందరలో రెండూ ఒకేసారి కానిచ్చి, రాత్రికి తలుపులు బిగిస్తే ఆ తెలుపు నిలవదు.

ఇంటి లోపలి చెక్కకు మేము చెప్పేది నీళ్లతో కలిపే అక్రిలిక్ ఎనామిల్. అందులో ఆక్సిజన్ పీల్చి ఆరే నూనె లేదు కనుక చీకట్లోనూ పసుపెక్కదు. డబ్బా మీద 'అక్రిలిక్' అన్న మాటా, కుంచె నీళ్లతో కడగమన్న సూచనా రెండూ ఉన్నాయో లేదో చూడాలి. ఒక్క నీళ్ల మాటే చూసి మోసపోవద్దు, నీళ్లలో కలిసే ఆల్కైడ్‌లు కూడా ఉన్నాయి, వాటిలో ఉన్నదీ నూనే. 'పీయూ ఎనామిల్' పేరుతో ఒకే డబ్బాగా వచ్చేవి చాలావరకు పాలీయురేథేన్ కలిపిన ఆల్కైడ్‌లే. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూలో అలిఫాటిక్ రకం తెల్లగా నిలుస్తుంది, అరోమాటిక్ రకం వెలుతురుకే పసుపు తిరుగుతుంది. నూనె ఎనామిల్‌లో నీలం చుక్కలు వేసి తెలుపు పెంచే అలవాటు కూడా వదలాలి. తర్వాత వచ్చే పసుపుతో కలిసి అది ఆకుపచ్చ ఛాయకు దిగుతుంది.

మళ్లీ రంగు వేసే ముందు ఆ పసుపు ఏమిటో తేల్చుకోవాలి. సబ్బునీళ్ల గుడ్డతో తుడిస్తే వదిలితే అది వంటింటి జిడ్డో, దేవుడి దీపం పొగో. పటం తీసేసి వారం రెండు వారాలు వెలుతురు తగలనిస్తే తగ్గేది నూనె పసుపు. కణుపుల దగ్గర చారలుగా దిగితే చెక్కలోంచి ఊరిన రంగు. పనస చెక్కలో సహజంగానే పసుపు రంగు ఉంది, టేకులో జిడ్డు ఉంది, ఈ రెండింటి మీదా ప్రైమర్, అంటే అడుగు పూత, నేరుగా వేయకూడదు. టేకును థిన్నర్ గుడ్డతో తుడవాలి. ఏ చెక్కయినా కణుపులకు స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక పలచటి పూత వేసి, ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. మేకు తలల చుట్టూ ఎర్రటి మచ్చ వస్తే అది తుప్పు. నీళ్ల రంగు కింద ఇనుప మేకును మెటల్ ప్రైమర్‌తో ముందే కప్పకపోతే ఎన్ని పూతలు వేసినా పైకి తేలుతుంది.

పాత నూనె రంగు మీద అక్రిలిక్ నేరుగా వేస్తే గోటికి పొరలా లేచివస్తుంది. పాతది ఏ రకమో తెలియకపోతే స్పిరిట్ దూదితో రెండు నిమిషాలు రుద్ది చూడాలి. రంగు మెత్తబడి దూదికి అంటితే నీళ్ల రంగు, చెక్కుచెదరకపోతే నూనె రంగు. నూనె రంగయితే సబ్బునీళ్లతో జిడ్డు తీసి, 220 నంబరు కాగితంతో మెరుపంతా పోయేదాకా తడిపి రుద్ది, పట్టు ఇచ్చే ప్రైమర్ ఒక పూత వేసి, లప్పం (పుట్టీ) చేసుకోవాలి. తడిపి రుద్దమనడానికి కారణముంది. ఇళ్ల రంగుల్లో సీసాన్ని (లెడ్) 90 పీపీఎమ్‌కి, అంటే పది లక్షల భాగాల్లో 90కి, పరిమితం చేసిన నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. అంతకుముందు వేసిన పూతల్లో సీసం ఉండొచ్చు, దాని పొడి పిల్లలకు విషం. గీరిన చెత్తను సంచిలో మూటగట్టాలి గాని కాలవలో పారబోయొద్దు.

7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపు రెండు పక్కలా ద్వారబంధంతో కలిపి సుమారు 50 చదరపు అడుగులు. రెండు పూతలకు అక్రిలిక్ ఎనామిల్ లీటరు సరిపోతుంది. నీళ్లు 5 నుంచి 10 శాతమే కలపాలి. పంది వెంట్రుకల కుంచె నీళ్లకు ఉబ్బిపోతుంది, నైలాన్ కుంచె వాడాలి. వేసిన చోటే మళ్లీ మళ్లీ దువ్వితే గీతలు పడతాయి. పూతకూ పూతకూ మధ్య నాలుగు గంటలు, ముసురు పట్టిన రోజున ఇంకా ఎక్కువ. దీని లోటు కూడా చెప్పాలి. మెరుపు నూనె ఎనామిల్ కంటే కాస్త తక్కువ, పూర్తిగా గట్టిపడడానికి వారం పైనే పడుతుంది. ఈలోగా రెక్కలు బిగించి మూస్తే చట్రానికి అంటుకుని, తెరిచేటప్పుడు రంగు ఊడివస్తుంది.

మేస్త్రితో ఒప్పందం రాసుకునేటప్పుడు 'తెల్ల ఎనామిల్ రెండు పూతలు' అని వదిలేయకండి. 'లోపలి చెక్కకు నీళ్లతో కలిపే అక్రిలిక్ ఎనామిల్, ప్రైమర్ ఒకటి, పూతలు రెండు, గోడలు ఆరిన తర్వాత' అని రాయించండి. డబ్బా మూత మీ ఎదుటే తీయించండి.

— రంగుల పని, వడ్రంగి పని చేసేవాళ్లం,
అమలాపురం