ఓసోటో గారీ: పడేశాక స్లీవ్ వదలకు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిన్నతల్లీ,

బ్రెజిలియన్ జిజుట్సు క్లాసులో నువ్వు వేసిన సెయోయ్ నాగే, అదే వీపు తిప్పి ఎదుటి మనిషిని భుజం మీదుగా విసిరే జూడో త్రో, దాని వీడియో చూశాం. తిరగడం బాగానే తిరిగావు. సగంలో ఆగిపోయావు, అంతే, ఎదుటి అమ్మాయి నీ వీపెక్కేసింది. జూడోలో అయితే బోర్లా ముడుచుకుంటే కాసేపటికి రిఫరీ 'మతే' (ఆగండి) అని లేపుతాడు. జిజుట్సులో లేపేవాళ్లుండరు. ఆమె రెండు మడమలూ నీ తొడల లోపలికి దిగి కుదురుకుంటే 4 పాయింట్లు, ఆ తర్వాత నీ మెడ. అందుకని వీపు తిప్పే త్రోలు కొన్నాళ్లు పక్కన పెట్టి, ఎదుటి మనిషి కాలిని నీ కాలితో లాగి వెనక్కి పడేసే ఓసోటో గారీ సాధన చెయ్.

కుడిచేత్తో ఎదుటి అమ్మాయి ఎడమ కాలరు పట్టు, భుజం ఎముక ఎత్తులో. ఎడమచేత్తో ఆమె కుడి మోచేతి కింద బట్ట. జిజుట్సు వాళ్లతో చిక్కేమిటంటే నడుము వంచి, చేతులు కర్రల్లా చాచి నిలబడతారు. బరువంతా ముని వేళ్ల మీద ఉంటుంది. అలా ఉన్న మనిషి వెనక్కి పడదు. ముందు కాలరు పట్టి కిందికి ఒక్క గుంజు గుంజు. మొహం మ్యాట్‌కేసి పోతుంటే ఎవరైనా తల ఎత్తుతారు. ఎత్తగానే బరువు మడమల మీదికొస్తుంది. దూరాల్సింది అప్పుడే.

నీ ఎడమ పాదం ఆమె కుడి పాదానికి బయటివైపు జానెడు దూరంలో, దానికి సమంగా లేదా ఇంకాస్త లోతుగా పడాలి. అందరూ తప్పేది ఇక్కడే. అడుగు పొట్టిదైతే కాలు అందుతుంది కానీ ఒళ్లు అందదు. నువ్వు వెనక్కి వాలతావు, ఆమె అదే త్రో నీమీద వేస్తుంది. పైగా జూడో పోటీల్లో కాళ్లు పట్టడం 2010 నుంచి కట్టడి చేస్తూ వచ్చారు గానీ ఇక్కడ అది మామూలే. గాల్లో ఉన్న నీ కాలు ఆమె చేతికి చిక్కుతుంది.

ఛాతీకి ఛాతీ ఆనించు. ఎడమచెయ్యి ఆమె మోచేతిని నీ నడుముకేసి లాగాలి, కుడి ముంజేయి ఆమెను తన కుడి మడమ మీదికి తొయ్యాలి. ఇప్పుడు కుడికాలు ముందుకు ఊపి, నీ తొడ వెనక భాగం ఆమె తొడ వెనక తగిలేలా వెనక్కి లాగు. జపాను భాషలో గారీ అంటే కోత. వరి కోసే కొడవలి ఎలా లాగుతారో అలా లాగాలి, తన్నకూడదు. కాలు పైకి లేచేకొద్దీ నీ తల కిందికి దిగాలి. తల నిటారుగా ఉంచేస్తావు నువ్వు, వీడియోల్లో చాలాసార్లు చూశాను.

పడేశాక స్లీవ్ వదలకు. జూడోలో వీపు గట్టిగా తగిలితే ఇప్పోన్, ఆట అయిపోయినట్టే. జిజుట్సు పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ రూల్స్‌లో 3 సెకన్లు పైన నిలబెట్టుకుంటేనే 2 పాయింట్లు. ఆమె కుడిచేతిని పైకి లాగి పట్టుకుంటే ఆమె తల నేలకు కొట్టుకోదు, నీవైపు తిరిగి కాళ్లు అడ్డం పెట్టి గార్డ్ పెట్టుకోలేదు కూడా. వెంటనే మోకాలు పొట్ట మీద పెట్టి ఇంకో 3 సెకన్లు ఆపు, మరో 2 పాయింట్లు.

ప్రాక్టీసులో తొమ్మిదిసార్లు అడుగు వరకే వేసి, పదోసారి మాత్రం పడెయ్. మూడు విడతలు చాలు. పడేవాళ్లు గడ్డం గుండెకు ఆనించి చేత్తో మ్యాట్ కొట్టాలి. ఆపుకోవడానికి అరచెయ్యి నేలకు పెడితే మోచెయ్యి పోతుంది. దూరినప్పుడు వెనక కూలబడుతూ తాని ఓతోషి వేసేవాళ్లతో మాత్రం జాగ్రత్త. వాళ్ల బరువు మోకాలి పక్కన పడితే లోపలి లిగమెంటు తెగొచ్చు. అలాంటివాళ్లతో కూర్చునే ఆడు, మొహమాటపడకు.

గోళ్లు కత్తిరించుకో, కాలరు పట్టినప్పుడు బొటనవేలి గోరు కనిపిస్తోంది. అమ్మ గోంగూర పచ్చడి శుక్రవారం పార్సిల్ చేస్తోంది.

మీ నాన్న