గేటు రిజిస్టరులో 9.40

మూడున్నర నెలల తర్వాత ఈ సోమవారం మళ్లీ మిల్లుకి వెళ్లాను. కుడికాలు ఇంకా పూర్తిగా ఆనడం లేదు గానీ, చేతికర్ర ఉంటే నడిచేస్తున్నాను. ఫోన్ చేసి అడిగిన వాళ్లందరికీ పేరుపేరునా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. అసలు రాస్తున్నది మా షావుకారు గారికీ, మేనేజర్ గారికీ కృతజ్ఞతలు చెప్పుకోవడానికి. ఎదురుగా చెబితే "సర్లేవోయ్, పని చూడు" అంటారు.

నేను మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో గుమస్తాని. ఏప్రిల్ ఆఖరు, దాళ్వా (రబీ) ధాన్యం ఒక్కసారిగా వచ్చిపడే రోజులు. ఆ రాత్రి ఆఖరి లారీ దింపించి, లెక్క రాసి బయటపడేసరికి బాగా ఆలస్యమైంది. ఆలమూరు వైపు రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. ఎదురొచ్చిన వ్యాన్ లైటు కళ్లలో కొట్టింది, బండి ముందు చక్రం ధాన్యంలోకి దిగింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారు.

ఆ ధాన్యం ఎవరిదో గానీ ఆ రైతుని తిట్టే మొహం నాకు లేదు. మిషన్ కోత ధాన్యం పచ్చిగా వస్తుంది. తేమ 17 శాతం దాటిందంటే కాటా దగ్గర ఒప్పుకోనిది మేమే. కళ్లాలు ఎప్పుడో పోయాయి. రోడ్డు మీద కాకపోతే ఇంకెక్కడ ఆరబెట్టుకుంటాడు?

2021లో ఇక్కడ చేరినప్పుడు ఈఎస్ఐ (జబ్బు చేసినా దెబ్బ తగిలినా వైద్యం, సెలవు డబ్బు చూసుకునే ప్రభుత్వ బీమా) వద్దని నేనే మొండికేశాను. అంతకు ముందు పనిచేసిన చోట జీతంలో పీఎఫ్ అని కోసేవారు, ఖాతాలో మాత్రం రూపాయి పడేది కాదు. ఆ దెబ్బతో "కోతలొద్దండీ, అదేదో చేతికే ఇచ్చెయ్యండి" అన్నాను. మేనేజర్ గారు వినలేదు. ఇప్పుడు నా జీతం 18,500. నా వాటా 0.75 శాతం, నెలకు 139 రూపాయలు. మిల్లు కట్టేది 3.25 శాతం, 602 రూపాయలు. ఒక్క నెలా ఆగలేదు. ఆ 139 కోసం నేను ఎన్ని నెలలు గొణిగానో మా ఆవిడకి తెలుసు. ఆపరేషన్‌కి మాత్రం మేము ఎవరి దగ్గరా అప్పు చెయ్యలేదు.

దెబ్బ తగిలిన మర్నాడు పొద్దున్నే మేనేజర్ గారు ఆసుపత్రికి వచ్చారు. వస్తూనే "ఎన్నింటికి బయల్దేరావు? దారిలో ఎక్కడన్నా ఆగావా?" అని అడిగారు. తాగి పడ్డాననుకుంటున్నారేమోనని నాకు కాస్త కష్టం తోచింది. సంగతి అది కాదు. పని నుంచి నేరుగా ఇంటికి పోతూ పడితే ఈఎస్ఐ వాళ్లు దాన్ని డ్యూటీలో తగిలిన దెబ్బ కిందే లెక్కేస్తారట. మామూలు జబ్బు సెలవైతే జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులకే. డ్యూటీ దెబ్బయితే 90 శాతం, డాక్టరు పనికి పంపేదాకా. కాకపోతే నేరుగా ఇంటికే వెళ్తున్నానని రుజువు చూపించాలి. మా వాచ్‌మన్ గేటు రిజిస్టరులో నా పేరు ఎదురుగా 9.40 అని రాసి ఉంది. ఆ పేజీ జిరాక్స్ తీయించి, మిల్లు నుంచి మా ఇంటి దాకా దారి తెల్ల కాగితం మీద స్కేలుతో గీసి, పడిన చోట ఇంటూ మార్కు పెట్టి రిపోర్టు పంపారు. ఆఫీసు వాళ్లు ఒకసారి తిప్పి పంపితే, సీజన్ మధ్యలో ఒక పూట మానుకుని స్వయంగా వెళ్లి ఇచ్చొచ్చారు.

షావుకారు గారు చేతి నుంచి డబ్బేమన్నా ఇచ్చారా అని మా బావమరిది అడిగాడు. లేదు. నాకు రావాల్సింది నాకు వచ్చేలా చూశారు. నాకు అదే ఎక్కువ.

ఇంకొకటి కూడా చేశారు. నా స్థానంలో కొత్త మనిషిని పెట్టలేదు. కాటా పుస్తకం ముందు కూర్చోవడం మానేసి పదేళ్లు దాటిన షావుకారు గారు, డెబ్భై ఏళ్ల వయసులో కళ్లజోడు సవరించుకుంటూ మే నెలంతా రిజిస్టరు తనే రాశారు. రోజూ సాయంత్రం ఫోన్. కాలెలా ఉందని కాదు. "ఒరే, సంచుల ఖాతా ఏ బీరువాలో పెట్టావు?" "తవుడు బిల్లులు ఏ ఫైల్లో ఉంటాయి?" మా ఆవిడ విసుక్కునేది. నాకు మాత్రం ఆరింటికల్లా చెయ్యి ఫోన్ మీదే ఉండేది.

సోమవారం వెళ్లి చూస్తే మెట్లెక్కే పని లేకుండా నా బల్ల, బీరువా కింది గదిలోకి దింపించి ఉన్నాయి. హమాలీల జట్టు వాళ్లు మోశారట. మేస్త్రీ, మీ అందరికీ దణ్ణం. తవుడు దుమ్ము మాత్రం అక్కడ దంచేస్తోంది, కిటికీకి ఒక అద్దం వేయించాలి.

రిజిస్టరు తెరిచాను. నీలం ఇంకు, లావు అక్షరాలు, తప్పు పడిన ప్రతి చోటా నిలువు గీత కొట్టి పక్కన పొట్టి సంతకం. మూడు రోజుల్లో మే నెలంతా సరిచూశాను.

షావుకారు గారూ, మే 6వ తారీఖు పేజీలో 12 బస్తాలు తేలడం లేదండీ. రేపు ఒకసారి కూర్చుందాం.