అంకుల్ బూన్స్ మూతపడింది వంట బాగాలేక కాదు

గుంటూరు

చి. స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు తెరవబోయే హోటల్ గురించి పంపిన లీజు కాగితాలు, వంటల జాబితా రెండూ చదివాను. ఉలవచారుకు, గోంగూర మాంసానికి న్యూయార్క్‌లో జనం ఎగబడతారని రాశావు. ఎగబడతారనే నేనూ నమ్ముతున్నాను. నా భయమంతా అద్దె గురించే.

అక్కడ స్ప్రింగ్ స్ట్రీట్‌లో నువ్వు మమ్మల్ని తీసుకెళ్లిన హోటల్, అంకుల్ బూన్స్, గుర్తుంది కదా. థాయ్ భోజనం అనగానే మీ అమ్మ ముఖం ముడుచుకుంది. తీరా ఆకులో అల్లం, కొబ్బరి, వేరుశనగలు, నిమ్మ ముక్కలు పెట్టిన మియాంగ్ కమ్ వచ్చేసరికి, 'భోజనానికి ముందే కిళ్లీ ఇచ్చారేమిటి' అంటూనే నీ వాటా కూడా తినేసింది. నాకు మాత్రం ఖావ్ సోయ్. కొబ్బరిపాల కూరలో నూడుల్స్, మెత్తగా ఉడికిన కోడికాలు, పక్కన ఊరబెట్టిన ఆవాకు. ఆ పులుపు తగిలాక కూర రుచే మారిపోయింది.

ఆన్ రెడ్డింగ్, మాట్ డాంజర్ దంపతులు న్యూయార్క్‌లోనే పర్ సే అనే పేరున్న హోటల్ వంటింట్లో పనిచేసి వచ్చి, 2013లో దాన్ని తెరిచారు. మంచి హోటళ్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే స్టార్ తెచ్చుకున్నారు. టేబుల్ కోసం జనం గంటల తరబడి కాచుకునేవాళ్లు. 2020 మార్చిలో కరోనాతో నగరంలో హోటళ్ల భోజనశాలలు మూతపడ్డాయి. ఆగస్టుకల్లా ఇక తెరవబోమని వాళ్లు చెప్పేశారు. భవన యజమానితో బేరం కుదరలేదు. స్టార్ చూసి అద్దె తగ్గించేవాడు ఎక్కడుంటాడు? ఆ ఊళ్లో కొన్ని ఇళ్ల అద్దెలకైనా కట్టడి ఉంది, దుకాణాలకు అదీ లేదు.

ఇక నీ కాగితాలు. గడువు పూర్తయ్యేదాకా అద్దెకు నువ్వే సొంతంగా పూచీ అని రాశారు. కంపెనీ మునిగినా నీ ఇంటిమీదికి వస్తారు. దానికి బదులు అక్కడ వాడుకలో ఉన్న గుడ్ గై గ్యారంటీ అడుగు. ముందుగా నోటీసు ఇచ్చి, ఆ రోజుదాకా బాకీ తీర్చి, తాళాలు అప్పగిస్తే నీ పూచీ అక్కడితో తెగిపోతుంది. ప్రభుత్వం మూయమంటే అద్దె ఎంత తగ్గుతుందో రాయించు. ఆస్తిపన్ను పెరిగితే నీ వాటా ఎంతో కూడా. ఇన్నేళ్లు హోటళ్ల లెక్కలు రాసినవాణ్ణి, వంట చెడి మూతపడినవాటికంటే ఇలాంటి షరతులకు మూతపడినవే ఎక్కువ చూశాను.

అంకుల్ బూన్స్ దంపతులకు అప్పటికే దగ్గర్లో థాయ్ డైనర్ అనే ఇంకో హోటల్ ఉంది. పాత వంటకాలు కొన్ని అక్కడికి చేరాయి, ఖావ్ సోయ్ కూడా. నీకు అలాంటి రెండో వంటిల్లు లేదు.

లాయరు చూసేదాకా సంతకం పెట్టకు. అడ్వాన్సులో సగం నేను సర్దుతాను, ఆ పూచీ షరతు మారాకే. ఆ జాబితాలో పచ్చళ్లే తొమ్మిది రకాలున్నాయి, ఎవరు నూరతారు? మీ అమ్మ మాత్రం తాను రానంటోంది.

నాన్న