ఈసారి జాతర వద్దే!

సీతాలూ,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. అమ్మ మోకాలు పర్లేదు, పిల్ల పరీక్షలు అయిపోయాయి, మిగతావన్నీ మామూలే. నువ్వు పాలిమర్ క్లేతో, అదే ఓవెన్‌లో కాల్చే రంగుల మట్టితో చేసిన పెండెంటు ఫొటో చూసినప్పట్నుంచీ ఒకటి చెప్పాలని మనసు ఆగడం లేదు.

పూల కేన్, ఎక్కడ కోసినా పువ్వే కనబడే ఆ మట్టి కడ్డీ, ఎంత బాగా కుదిరిందే! రేకుల మధ్య నల్ల గీత ఎక్కడా చెదరలేదు. కానీ 4 సెంటీమీటర్ల బిళ్ల మీద 11 పూలా? మళ్ళీ జాతరే! ఏ పువ్వు మీదా కన్ను నిలవట్లేదు. మంగళగిరి చీర తల్చుకో. ఒళ్ళంతా సాదాగా ఉంటుంది కాబట్టే ఆ జరీ అంచు వీధి చివర్నుంచి కూడా కనబడుతుంది.

మూడొంతుల్లో రెండొంతులు సాదాగా వదిలెయ్. సగం సగం మాత్రం చెయ్యకు, రెండూ పోటీ పడతాయి. మూడు పూలు చాలు, ఒక పక్కకి గుంపుగా. ఒకటి బిళ్ల అంచు దగ్గర తెగిపోయినా అందమే. సాదా భాగానికి వేరే రంగు వెతక్కు. కేన్‌లో పూల చుట్టూ నింపిన ముదురు నీలమే అడుగున పరిచే పలకకీ వాడు, అప్పుడు కేన్ నుంచి కోసిన ముక్క అంచు అందులో కలిసిపోతుంది. ఆ నీలం మొదట్లోనే ఎక్కువ కలిపి పెట్టుకో, మళ్ళీ కలిపితే అచ్చం అదే రంగు రావడం కష్టం.

కోసేముందు కేన్‌ని 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. ఒక్కో ముక్క కోశాక పావు చుట్టు తిప్పు. తిప్పకపోతే బ్లేడు ఎప్పుడూ ఒకే వైపు నొక్కి, గుండ్రటి పువ్వు కోలగా అయిపోతుంది. ముక్క 1 మిల్లీమీటరు లోపే ఉండాలి. పలక మీద పెట్టి, పైన బటర్ పేపర్ వేసి రోలర్‌తో నాలుగు వైపులకీ మెల్లగా నడుపు.

సాదా భాగం తేలికనుకునేవు! పూలల్లో దాగే తప్పులన్నీ అక్కడే బయటపడతాయి. వేలిముద్ర, దూది పోగు, అన్నిటికంటే గాలి బుడగ. పలకని మడిచి, మట్టిని పల్చగా వత్తే పాస్తా మెషీన్‌లో పెట్టేటప్పుడు మడత వైపే ముందు వెళ్ళాలి. తెరిచిన వైపు ముందు పెడితే గాలి లోపలే చిక్కుకుని, ఓవెన్‌లో బొబ్బలా లేస్తుంది. ముద్రలకి కాల్చేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో ఒక్కసారి పైపైన తుడువు. నున్నగా రాకపోతే పచ్చి మట్టి మీదే గరుకు కాగితం నొక్కు, సన్నటి గరుకు వస్తుంది, కంటికి అదీ హాయే.

కాల్చేముందు ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తియ్. పూలూ పలకా ఒకే బూడిద రంగులో కనబడితే, ఎంత చోటు వదిలినా లాభం లేదు, ఆ నీలం ఇంకా ముదరాలి. నీది ప్రీమో రకం మట్టి కదా, 135 డిగ్రీల సెల్సియస్, 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట. ఓవెన్ నాబ్ మీది అంకె నమ్మకు, లోపల వేరే థర్మామీటరు పెట్టు.

కాలాక నీళ్ళలో రుద్దేటప్పుడు పూల మీద 400 నంబరు గరుకు కాగితం పెట్టకు, అంత పలచటి ముక్క అరిగిపోతుంది. అక్కడ ఇంకా సన్నటి 800తో మొదలెట్టు. ఇక జుంకాలకైతే పైబిళ్ల సాదాగా ఉంచి కింద బుట్టకి... అయ్యో, పిల్ల బస్సు వచ్చేసిందే, ఉంటా!

నీ
బుజ్జి